ఇసుకదిబ్బమీది విడిది: మంచినీటి లెక్క

మొగల్తూరు మండలమున సముద్రతీరపు గ్రామములయందు భూమి గల మన సభ్యులు కొందరు ఈ మధ్య మమ్మొక ప్రశ్న తరచుగా అడుగుచున్నారు. తమ కొబ్బరితోటలోనో సరుగుడుతోపులోనో నాలుగైదు కుటీరములు వేసి, పట్టణములనుండి వచ్చు యాత్రికులకు విడిదిగా ఇచ్చినచో గిట్టుబాటగునా, కాదా? పేరుపాలెము ఒడ్డున కార్తికమాసపు ఆదివారములందు కూడు జనసమ్మర్దమును చూచినవారికి ఈ ఆలోచన పుట్టుట సహజమే. వశిష్ఠ గోదావరికి ఆవల దిండిలో విడుదులును పడవయిండ్లును వెలసి చాలకాలమైనది. మనవైపున ఏల వెలయరాదని వారి వాదము. వరిమీదను కొబ్బరిమీదను వచ్చు రాబడి చాలని కుటుంబము మరియొక ఆదరువును వెదకుకొనుటను మేము తప్పుపట్టము. అప్పు సంగతి పాలకవర్గమువారు తేల్చవలసినది. నేల సంగతియు నీటి సంగతియు చెప్పుట మా పని గనుక ఈ మాసపు పాఠమును దానికే కేటాయించితిమి.

ఊరినానుకొని, పంచాయతీ కుళాయియు కరెంటు స్తంభమును గల చోట గది కట్టి అద్దెకిచ్చుట వేరు. దానికి మా పాఠము అక్కరలేదు. ఇక్కడ మేము చెప్పబోవునది తీగ చేరని, కుళాయి చేరని, వానకాలమున బండియైనను కష్టముమీద చేరు ఇసుకమెరకమీది విడిదిని గూర్చి. అట్టి చోటనే కట్టుదుమని అడుగువారు ఎక్కువ. దానికి కారణము కలదు. పట్నవాసి రూకలిచ్చి కొనునది గదిని కాదు, చీకటిని, నిశ్శబ్దమును. అవి ఊరిలో దొరకవు. అయితే ఆ చోట దీపమును నీటిని యజమానుడే సమకూర్చుకొనవలెను. దీపమును అంగడిలో కొనవచ్చును. నీటిని కొనుటకు వీలుపడదు; ట్యాంకరు బండి ఇసుకలో దిగబడును. అందుచేత ముందు నీటిని గూర్చియే చెప్పెదము. తక్కినవన్నియు దాని వెనుక నడచునవే.

మన తీరమున ఇసుకదిబ్బల క్రింద దొరకు మంచినీరు ఎక్కడినుండియో పారి వచ్చినది కాదు. ఆ దిబ్బమీద కురిసిన వానయే ఇసుకలో ఇంకి, అడుగుననున్న ఉప్పునీటిమీద తేలుచున్నది. సముద్రపునీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువు. ఆ కొద్ది తేడావలననే పాలమీది మీగడవలె మంచినీరు పైన నిలుచును. 19వ శతాబ్ది చివరను హాలండు దేశమున బాడన్ గైబెన్ అను ఇంజనీరును, 1901లో జర్మనీయందు హెర్జ్‌బెర్గ్ అను నాతడును వేర్వేరుగా ఒకే లెక్క కట్టిరి. దిబ్బలోని మంచినీటిమట్టము సముద్రమట్టముకంటె 1 అడుగు ఎత్తుననున్నచో, సముద్రమట్టమునకు దిగువను సుమారు 40 అడుగుల మందమున మంచినీరుండునని దాని సారాంశము. వినుటకు ఇది శుభవార్తవలె నున్నది. తిరుగవేసి చూచినచో కాదు. మోటారు పెట్టి ఆ మట్టమును 1 అడుగు దింపితిమా, అడుగుననున్న ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి వచ్చుటకు దారి యిచ్చినట్లే. అదియుగాక రెండు నీళ్లును కలియు పొర కొంత మందము గలిగియుండును గనుక, నిజముగా దొరకు మంచినీరు లెక్కకంటె తక్కువయే. లోతుగా దింపినకొలది మంచి ఊట తగులునను మెట్టప్రాంతపు నమ్మకము ఈ దిబ్బలయందు తలక్రిందులగును. మీగడను గరిటెతో పైపైన తీయవలెను గాని, కుండ అడుగున బెజ్జము పెట్టరాదు.

మన పెద్దలకు ఈ లెక్క తెలియకున్నను పని తెలిసియుండెను. దొరువు అనగా నేమో తీరపు రైతులకు చెప్పనక్కరలేదు. ఇసుకలో ఏటవాలు గట్లతో త్రవ్విన లోతులేని గుంట. అందు దిగి కుండలతో ముంచి, పైకెక్కి నారుకో కూరపాదులకో పోయుదురు. ముంచిన నీరు మరల ఊరువరకు కుండకు విశ్రాంతి. మనిషి భుజబలమునకు మించి నీరు తీయ వీలులేకుండుటయే ఆ గుంట గొప్పతనము. బాపట్ల వ్యవసాయ కళాశాలయందలి ఉప్పునీటి పరిశోధన పథకమువారు దీనినే చక్కదిద్ది, మెరుగుపరచిన దొరువు అను పేర రైతులకు చూపిరి. పద్ధతి యేమనగా: నడుమ సిమెంటు వరలతో ఒక చిన్న బావిని దింపి, దానినుండి రెండు మూడు వైపులకు, నీటిమట్టమునకు కొంచెము దిగువగా, బెజ్జములు గల పీవీసీ గొట్టములను అడ్డముగా పరచుదురు. గొట్టములకు నైలాను వల చుట్టినచో ఇసుక చొరదు. అవి బావివైపునకు కొద్దిగా వాలియుండవలెను. ఇట్లు విశాలమైన మేరనుండి నీరు పలుచగా వచ్చి చేరును గనుక ఒక్కచోటనే మట్టము గుంటపడదు, అడుగు ఉప్పు పొంగదు. విడిదికి మేము తగినదని చెప్పునది ఈ దొరువే. దానికి అర గుర్రపుబలపు మోటారుకంటె పెద్దది తగిలింపవలదు. నీరు నిర్ణయించిన మట్టమునకు దిగగానే మోటారు ఆగిపోవునట్లు తేలుబంతి మీట నొకదానిని అమర్చవలెను. అతిథులు గదిలోనుండగా మోటారు ఆగెనే అని విచారింపవలదు. ఆగుటకే దానిని పెట్టితిమి.

ఇక ఎంత తీయవచ్చును? ఎకరము 4,047 చదరపు మీటర్లు. మన తీరమున ఏటి వర్షము సగటున 1,000 మిల్లీమీటర్లకు పైబడియే యుండును. లెక్కకు 1,000 అనియే పట్టుదము. 1 చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడినచో 1 లీటరు. ఆ ప్రకారము ఎకరముపై పడునది 40 లక్షల లీటర్లు. అందులో చెట్లు త్రాగునదియు ఎండ లాగునదియు పోగా నాలవవంతు లోనికి ఇంకెననుకొన్నచో 10 లక్షలు. ఇందులో సగము దిబ్బనుండి సముద్రమువైపునకును పర్రలవైపునకును ఊరిపోవలసినదే. అట్లు పోవుచుండుటచేతనే ఉప్పు వెనుకకు నెట్టబడుచున్నది. మిగిలిన 5 లక్షలను 365 దినములకు పంచినచో దినమునకు 1,370 లీటర్లు వచ్చును. ఇది జాగ్రత్తకొరకు మేము వేసిన లెక్క. నేలనుబట్టి కొంత అటునిటు కావచ్చును. కాని ఎకరమునకు దినమున 1,300 లీటర్లు దాటినవాడు పొరుగువాని నీరు తోడుచున్నాడని తలచుట మేలు.

బకెట్టును చెంబును పెట్టుకొని స్నానము చేయువానికి 25 లీటర్లు చాలును. తలమీది జల్లు విప్పి పాట పాడువానికి 100 చాలవు. వంట, స్నానము, బట్టలు, శుభ్రత, అన్నియు కలిపి మనిషికి 100 లీటర్లలో నడుపగలిగినచో, 8 మంది అతిథులును ముగ్గురు పనివారును దినమునకు 1,100 లీటర్లతో గడుపుదురు. ఒక ఎకరపు దిబ్బ దానిని భరించును. ఈతకొలను కట్టెదమనువారికి మరియొక లెక్క: 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు గల కొలనుకు 60,000 లీటర్లు కావలెను. వేసవియెండకు దినమునకు 5 మిల్లీమీటర్లు ఆవిరియైనను 250 లీటర్లు, అనగా పదిమంది స్నానపు నీరు, గాలిలో కలియును. ఎదుట బంగాళాఖాతము నుండగా ఈ కొలను ఏలనో మాకు బోధపడలేదు.

పొరుగువాడనగా నెవడు? ఇక్కడనే మా మనస్సు చివుక్కుమనుచున్నది. దిబ్బల వెంబడి మత్స్యకారుల పాలెములు కలవు. వేసవిలో కాలువలు కట్టినప్పుడు, చెరువులలో నీరు అడుగంటినప్పుడు, ఆ ఇండ్ల స్త్రీలు బిందెలతో ఈ ఇసుకనీటికే వచ్చుట నేటికిని అక్కడక్కడ చూచుచున్నాము. మా యెరుకలో ఒక తీరగ్రామమున, పెట్టుబడి గలవా డొకడు విడిదికని 80 అడుగుల బోరు దింపి గంటలకొలది మోటారు నడిపెను. మొదటి ఏడు నీరు తియ్యగనే యుండెను. రెండవ వేసవిలో మొదట టీ విరుగుట మొదలిడెను. పిదప సబ్బు నురుగు పట్టలేదు. వైశాఖమునాటికి బోరులో నీరు నోట పెట్టరానిదాయెను. అతడు పట్టణమునకు పోయి వేరొక వ్యాపారము పెట్టుకొనెను. అతని గట్టునకు ఆవలనున్న దొరువులు మాత్రము ఎక్కడికి పోగలవు? రెండు వర్షకాలములు గడచినగాని ఆ నీరు తేరుకొనలేదు. ఆ రెండేండ్లును పాలెమువారు డబ్బానీరు కొని త్రాగిరి. కొబ్బరిచెట్లు పిందె రాల్చినవి. చేపలు పట్టి దినవెచ్చము జరుపుకొనువారికి నీటి ఖర్చు ఎంత బరువో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఒకని విడిది లాభము వేరొక వీధి త్రాగునీటితో కట్టబడరాదని మేము గట్టిగా పట్టుబట్టుచున్నాము. ఈ విషయమున మాత్రము సభ్యులలో ఎవరి మొగమోటమునకును లొంగము.

రొయ్యల చెరువుల సంగతియు ఇక్కడ చెప్పవలెను. ఉప్పునీరు నిలిపిన చెరువునకు ప్రక్కనున్న మెరక ఎంత చౌకగా వచ్చినను విడిదికి పనికిరాదు. ఆ ఉప్పు ప్రక్కకు ఊరుచునే యుండును. చెరువు ఎండబెట్టిన మాసమున చూచి మోసపోవలదు.

త్రాగుటకును వండుటకును మాత్రము దొరువును నమ్మక, పైకప్పుమీది వానను పట్టుట మేలు. 100 చదరపు మీటర్ల పెంకు కప్పుపై 1,000 మిల్లీమీటర్ల వర్షమునకు, ఐదవవంతు నష్టమనుకొన్నను, 80,000 లీటర్లు దిగును. డిసెంబరు నడుమనుండి జూను నడుమవరకు 180 దినములు వానయే లేదనుకొందము. 11 మందికి తలకు 10 లీటర్ల చొప్పున 19,800 లీటర్లు. 4 మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, 2 మీటర్ల లోతు గల తొట్టిలో 20,000 లీటర్లు పట్టును. తాటాకు కప్పునుండి దిగు నీటికి రంగును వాసనయు నుండును గనుక, కుటీరములకు తాటాకు వేసినను వంటశాలకు పెంకే వేయవలెను. ఏటి తొలివానలను తొట్టిలోనికి పోనీయక బయటకు మళ్లింపవలెను. తొట్టి మూతికి సన్నని వల లేనిచో దోమలకు మనమే విడిది కట్టినవారమగుదుము. కాచి వడబోసిన పిదపనే అతిథులకు ఈయవలెను.

నేలలో మంచినీరే లేనిచోట ఏమి చేయుదురో తెలియుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి. ఆఫ్రికా తీరమున జాంజిబారునకు దగ్గరగా చుంబే అను చిన్న పగడపుదీవి యున్నది. 1998లో అక్కడ తెరచిన విడిదికి 7 కుటీరములే. ప్రతి కుటీరపు కప్పును వాన పట్టుటకే విశాలముగా వేసి, నేల దిగువ తొట్టిలో నిలువచేయుదురు. ఎండతోనే దీపములు, ఎండతోనే వేడినీళ్లు. మరుగుదొడ్లు నీరక్కరలేని ఎరువుదొడ్లు. స్నానపు నీరు మొక్కల మళ్లలో ఇంకును. అంత ప్రసిద్ధి వచ్చినను కుటీరముల సంఖ్యను పెంచకుండుట గమనింపదగినది. ఎన్ని గదులను కట్టవచ్చునో చెప్పవలసినది డబ్బుకాదు, తొట్టి.

మరుగుదొడ్డి మాట ఎత్తుటకు మన సభ్యులు సిగ్గుపడుదురు గాని, నీటిని గూర్చి చెప్పి దీనిని విడుచుట పాఠమును సగమున ఆపుట. వర్షకాలమున మన ఇసుకమెరకలలో మూడు నాలుగు అడుగులకే నీరు తగులును. అట్టిచోట మామూలు గుంటదొడ్డిని త్రవ్వినచో గుంటలోని మలిన మంతయు దొరువులోని నీటితో కలియును. ఇసుక దానిని వేగముగా నడపును. కాబట్టి గుంట నేలలో నుండరాదు, నేలమీద నుండవలెను. మెట్లెక్కి పోవునట్లు ఎత్తుగా కట్టి, క్రింద రెండు సిమెంటు గదులుంచి, మలమును నీటినుండి వేరుచేసి, వాడినప్పుడెల్ల గుప్పెడు బూడిదయో పొట్టో చల్లవలెను. ఒక గది నిండగానే మూసి రెండవదానిని వాడుచు, మూసినదానిని ఏడాది కదల్పరాదు. తిరుచిరాపల్లి జిల్లా ముసిరిలో ఈ తీరు దొడ్లను 2006నుండి వీధిజనులే వాడి చూపిరి. ఆ ఎరువును కొబ్బరిపాదులకు వేయవచ్చును, ఆకుకూరలకు వలదు. కడుగుకొనిన నీరును స్నానపు నీరును అరటి, మెట్టతామర మళ్లకు పంపవలెను. కుంకుడుకాయ పొడిని, సీకాయను గదిలో ఉంచినచో పట్నపు స్త్రీలు సంతోషముతో వాడుదురు, అరటియు బ్రతుకును. దొరువు దిబ్బ నడినెత్తిమీదను, దొడ్డి పల్లపు వాలునను ఉండవలెను. రెంటికిని నడుమ 15 మీటర్లు కనీసము, ఇసుకనేల గనుక ముప్పది యైనచో మేలు. మాకు తెలిసిన పలు ఇండ్లలో దీనికి విరుద్ధముగా, దొడ్డికి మెరకయు బావికి పల్లమును కేటాయించిరి. కారణమడిగిన వాస్తు అనిరి. నీటికి వాస్తు తెలియదు.

ఇక చట్టము. తీరపు కట్టడములను గూర్చి కేంద్రప్రభుత్వము 2011లో ఒక ప్రకటనను, దానికి మారుగా 2019 జనవరిలో మరియొక ప్రకటనను వెలువరించినది. పోటునీటి గీతనుండి 50 మీటర్లా, 200 మీటర్లా విడువవలెననునది గ్రామపు జనసాంద్రతనుబట్టి యుండును. ఇసుకదిబ్బను చదునుచేయుట నిషిద్ధము. గీతనుండి 200 మీటర్లలోపల భూమిలోని నీరు తీరవాసుల సొంత అవసరమునకే గాని వ్యాపారమునకు కాదు. మీ సర్వే నంబరు పటములో ఎక్కడ పడుచున్నదో వ్రాతమూలముగా తెలిసికొని, అనుమతి చేతికందినగాని ఇటుక దింపవలదు.

వెలుగు లెక్క సులభమైనది. 9 వాట్ల దీపములు 12, రాత్రికి 5 గంటలు: 540. క్రొత్తరకపు 30 వాట్ల పంకాలు 5, పది గంటలు: 1,500, పాత 75 వాట్ల పంకాలైనచో ఇవియే 3,750 తినును. శీతలపెట్టె 1,000. మోటారు గంటసేపు 500. సెల్‌ఫోన్లకు 160. మొత్తము 3,700 వాట్‌గంటలు, అనగా 3.7 యూనిట్లు. 1 కిలోవాటు సోలారు పలకలు సగటున దినమునకు 4 యూనిట్లిచ్చును. ముసురుపట్టినప్పుడు సగముకూడ రాదు. కావున 2 కిలోవాట్లు వేయవలెను. రెండు రాత్రులకు నిలువయుండవలెనన్న 7.4 యూనిట్లు. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేసినచో త్వరలో చచ్చును గనుక, 12 వోల్టుల 150 ఆంపియరు గంటలవి సుమారు ఎనిమిది కావలెను. లిథియము ఫాస్ఫేటు జాతివి 9 యూనిట్లవి చాలును. మొదట ఖరీదు, పిదప మన్నిక. శీతలయంత్రమును మాత్రము మరచిపోవలెను. ఒక్క గదిలో రాత్రియంతయు నడచినచో 8 నుండి 10 యూనిట్లు మ్రింగును. నీటి మోటారును మిట్టమధ్యాహ్నపు ఎండలో నేరుగా నడిపి పైతొట్టిని నింపినచో, ఆ తొట్టియే ఖర్చులేని బ్యాటరీ.

తీరమున యంత్రములకు ఎండకంటె, వానకంటె ఉప్పుగాలి శత్రువు. ఇనుప మరలు రెండేండ్లలో పొడియగును. తుప్పుపట్టని ఉక్కువి వాడవలెను. బ్యాటరీ కొనలకు వేజలైన్ పూయవలెను. పలకలను వారమున కొకపరి వేకువనే తడిగుడ్డతో తుడువవలెను. యంత్రపు పెట్టెను సముద్రమువైపు గోడకు తగిలింపరాదు. వీనిని చేయుటకు నిత్యము నొక మనిషి యుండవలెను. యజమానుడు నరసాపురములో కాపురముండి ఆదివారములందు వచ్చి చూచుకొందుననుట కల్ల.

వంటకు నాలుగు పశువులున్నచో దినమునకు 50 కిలోల పేడతో 2 ఘనమీటర్ల గోబరుగ్యాసు వచ్చును. సిలిండరు దానికి తోడు. కొబ్బరిమట్టలు, డొక్కలు ఎట్లును కలవు.

గాలివాన సంగతి తుదకుంచితిమి గాని చిన్నది కాదు. మిషను పాఠశాలలో చదివిన మాకు ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానము కంఠపాఠము. కాని మొగల్తూరు తీరమున బండ ఎక్కడ దొరకును? ఇసుకమీదనే కట్టవలెను గనుక కట్టు విధమును తెలిసికొనవలెను. ఆంధ్రతీరమునకు ఇంజనీర్లు లెక్కించు గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. దీనికి మన పూర్వులు కనుగొన్న రూపము చుట్టిల్లు. గుండ్రని గోడ, శంకువువంటి కప్పు, మోకాటియెత్తువరకు దిగిన చూరు. గాలికి పట్టు దొరకక చుట్టి పోవును. దూలములను గోడలోనికి ఇనుపపట్టీలతో బంధించి, చూరును మాత్రము తలుపునొద్ద ఎత్తినచో పట్నవాసులకును అది ముద్దుగనే యుండును. సోలారు పలకలను కప్పుమీద కాక నేలమీది చట్రమున బిగించి, నలుగురు మనుష్యులు గంటలో విప్పి లోపల పెట్టునట్లు మరలుంచవలెను. సముద్రమువైపు సరుగుడువరుసలను ఒక్కటియు కొట్టరాదు. అలలు కనబడుటకని వానిని నరికినవాడు గాలికి తలుపు తెరచినవాడే.

చిక్కెక్కడనగా, అతిథులు ఎక్కువగా వచ్చు మాసమే తుపానుల మాసము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది కార్తికములోనే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురమునకు దరిదాపున తీరము దాటినదియు కార్తికములోనే. ఆ నెలలో గదులన్నియు ముందుగనే నిండియుండును, డబ్బు పుచ్చుకొనియుందురు, ఆకాశము నిర్మలముగ నుండగనే వాతావరణశాఖవారి హెచ్చరిక వచ్చును. అప్పుడు యజమానుని చేయి డబ్బు తిరిగి ఇచ్చుటకు వెనుదీయును, అతిథియు ఇంకొక పూట చూతమనును. కావున ముందే పత్రమున వ్రాసి యుంచవలెను: హెచ్చరిక వచ్చిన నాడే విడిది మూయబడును, మిగిలిన దినముల పైకము పూర్తిగా తిరిగి ఈయబడును, అతిథులను మొదటను, పనివారిని వారితోనే, లోపలి ఊరికి చేర్చవలెను. కాపలాకని ఒక్క మనిషినైనను దిబ్బమీద విడువరాదు. విడిదిని మరల కట్టుకొనవచ్చును. సంవత్సరాదాయపు అంచనాలో కార్తికపు రాబడిని సగమునకే వ్రాయుడు. పూర్తిగా వచ్చినచో సంతోషమే. సముద్రస్నానమునకు ఈత తెలిసిన పాలెపు మనిషిని జీతమిచ్చి నిలుపవలెను. ప్రొద్దుగ్రుంకిన పిదప ఎవరిని నీట దిగనీయరాదు.

భోజనపు సామగ్రికి సభ్యులను వెదకి పోనక్కరలేదు. బియ్యము, కొబ్బరి, కూరలు, ముంజెలు, తేగలు, పీతలు, చేపలు మనవద్దనే గలవు. వీనిని నెల నిర్ణయముతో సంఘముద్వారా ఇచ్చి పుచ్చుకొనుట ఉభయులకు లాభము. నరసాపురపు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది; కిటికీతెరలకు ఏ యంత్రపు గుడ్డయో తెచ్చుటకంటె మన ఇండ్ల స్త్రీల చేతిపని నుంచుట మేలు.

పద్దు వ్రాయునప్పుడు బ్యాటరీని ఆస్తిగా కాక అరుగునట్టి దానిగా వ్రాయవలెను. ఆరేండ్లు మన్నునని అనుకొన్నచో దాని ఖరీదులో ఆరవవంతు ఏటేట ప్రక్కన పెట్టవలెను. తాటాకు రెండు మూడేండ్ల కొకపరి మార్చవలసినదే. వీనిని తీసివేయక మిగులు చూపిన అంచనాలు మాయొద్దకు చాల వచ్చినవి. పాలకవర్గమువారు వానిని త్రిప్పి పంపుటయే న్యాయము.

నేల కొనకముందే, లేక కుటీరపు గుంజ పాతకముందే, నీటిని పరీక్షింపవలెను. కార్తికములో కాదు, మే మాసమున, కాలువలు కట్టియున్నప్పుడు. దొరువులో మునుపటి రాత్రి నీరు ముట్టక వేకువను మొదటి సీసా పట్టవలెను. పిదప మూడు దినములు, దినమునకు 1,000 లీటర్ల చొప్పున తోడి పోసి, మూడవనాటి సాయంకాలము రెండవ సీసా పట్టవలెను. తోడిన నీటిని దొరువునకు దూరముగా పోయవలెను. లేనిచో అదే మరల వచ్చును. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములలోపల నుండుట మంచిది, వేరు దారి లేనిచోట 2,000 వరకు ఒప్పుదురు. మొదటి సీసా ఎంత బాగున్నను, రెండవదానిలో ఉప్పు స్పష్టముగా పెరిగియున్నచో ఆ దిబ్బ మనుష్యులను పోషింపజాలదని తెలిసికొని, దానిని సరుగుడుకే విడువుడు. ప్రక్క పాలెపు దొరువునుండియు ఒక సీసా తెచ్చి, దానిమీద ఆ ఇంటివారి పేరునే వ్రాసి యుంచుడు. మరుసటి ఏడు మరల చూచుటకు అది ఆధారమగును. సీసాలను అదే నీటితో మూడుమార్లు తొలిచి, గాలి లేకుండ నింపి, తేదీయు లోతును వ్రాసి, ఆ దినముననే సంఘ కార్యాలయమునకు చేర్చవలెను.